స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు ధర్మసంస్థల అండ

ఒక వస్తువు అందరిదియు అయినప్పుడు దానిని బాగుచేయువారెవరు? కృష్ణా డెల్టా రైతునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైనది. 1952లో దానికి గండిపడగా, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. 12 లక్షల ఎకరములకు పైబడిన భూమికి నీరందించు ఈ కాలువలు ఆనాడును ఈనాడును ఏ ఒక్క రైతు సొత్తును కావు. అయినను ప్రతి వేసవిలో వానిలోని పూడిక తీయవలెను. గుర్రపుడెక్క ఏరివేయవలెను. తూములు బాగుచేయవలెను. పనిచేసినవారికి కూలి ఈయవలెను. ఆ డబ్బు ఎవరి పేర నుండవలెను? జమాఖర్చులు ఎవరు చెప్పవలెను? తగవు వచ్చినప్పుడు సంజాయిషీ ఎవరు ఈయవలెను? ఇట్టి చిక్కులు తీర్చుటకే 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టమును చేసినది. దానివలన నీటి వినియోగదారుల సంఘమునకు చట్టము దృష్టిలో ఒక ప్రత్యేక వ్యక్తిత్వము లభించినది. సభ్యులు మారవచ్చును, సంఘము నిలుచును. నిధి సంఘము పేరనే యుండును.

ఇదే ప్రశ్న కంప్యూటర్ల లోకములోను బయలుదేరినది. అచ్చటి కాలువ కంటికి కనబడదు. అదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనగా నేమి?

కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా చెప్పు ఆదేశముల సముదాయమును ప్రోగ్రాము అందురు. మనుష్యుడు చదివి గ్రహింపదగిన భాషలో వ్రాసిన రూపము దానికి మూలపాఠము. దానినే సోర్సు కోడు అనియు పిలుతురు. యంత్రము గ్రహించు రూపమును మాత్రము మనకమ్మి, మూలపాఠమును దాచియుంచు పద్ధతి వ్యాపారములో సాధారణము. అట్టి ప్రోగ్రాములో లోపము కనబడినను కొన్నవాడు దానిని సరిదిద్దుకొనజాలడు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు విషయములో నాలుగు స్వేచ్ఛలు కలవు. దానిని ఏ పనికైనను వాడవచ్చును. మూలపాఠమును చదివి అది ఎట్లు పనిచేయునో తెలిసికొనవచ్చును. ప్రతులు తీసి ఇతరులకు పంచవచ్చును. మార్చి, మార్చినదానిని కూడ పంచవచ్చును. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను శాస్త్రజ్ఞుడు ఈ ఉద్యమమును ప్రకటించెను. 1985లో దానికి అండగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అను లాభాపేక్షలేని సంస్థ ఏర్పడెను.

ఇచ్చట స్వేచ్ఛ వేరు, ఉచితము వేరు. రచయిత తన హక్కును వదలుకొనుట లేదు. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యరచనగా పరిగణించుచున్నది. కనుక ప్రోగ్రాము వ్రాసినవానికి కథ వ్రాసినవానికున్నట్లే హక్కు కలదు. ఆ హక్కును ఆధారము చేసికొనియే రచయిత "ఈ షరతులకు లోబడి ఎవరైనను వాడుకొనవచ్చును" అని అనుమతిపత్రము వ్రాయుచున్నాడు. ఆ పత్రమే లైసెన్సు. హక్కు లేనిచో లైసెన్సునకు బలము లేదు.

దివిసీమకు చెందిన ఉదాహరణ మొకటి చూడుడు. 1975లో హైదరాబాదున జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభలకు సారథ్యము వహించిన మండలి వెంకట కృష్ణారావుగారు అవనిగడ్డ ప్రాంతపు నాయకులు. 1977 ఉప్పెన తరువాత దివిసీమలో ఆయన చేసిన సేవ ప్రసిద్ధము. ఆయన పేర "మండలి" అను తెలుగు ఫాంటు, అనగా కంప్యూటరు అక్షరముల అచ్చు, ఒకటి కలదు. దానిని పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించిరి. కాలిఫోర్నియాలోని తెలుగువారి లాభాపేక్షలేని సంస్థ సిలికానాంధ్ర దానిని ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో లోకమునకు విడుదల చేసినది. ఈ లైసెన్సు ప్రకారము ఫాంటును ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును, ఇతర ప్రోగ్రాములతో చేర్చి పంచవచ్చును. ఫాంటునొక్కదానినే వేరుగా అమ్మరాదు. బందరులోని పత్రికవారు దీనిని వాడుటకు ఎవరిని అడుగనక్కరలేదు. చేసినది కళాకారుడు, దానిని లైసెన్సుతో అందరి ముందు పెట్టినది ఒక సంస్థ. ఇట్టి పనివిభజనమే ఈ వ్యాసమునకు విషయము.

గుంపునకు గుర్తింపు లేదు

విజయవాడ, గుడివాడ, తెనాలి ఊళ్లలోని పదిమంది ఉపాధ్యాయులు కలిసి తరగతిగదికి పనికివచ్చు ఒక గణితపు ప్రోగ్రామును వ్రాసిరనుకొందము. అది బాగున్నదని పేరు వచ్చినది. ఒక దాత లక్ష రూపాయలు పంపెదననెను. అప్పటినుండియే చిక్కులు మొదలగును.

మొదటిది బ్యాంకు ఖాతా. పదిమంది స్నేహితుల గుంపునకు చట్టములో ఉనికి లేదు. డబ్బు వారిలో ఒకరి సొంత ఖాతాలో పడవలెను. అప్పుడది అతని ఆదాయముగా లెక్కింపబడి పన్ను కట్టవలసి రావచ్చును. అతడు బదిలీయై వెళ్లినను, మరణించినను ఆ డబ్బు గతి తేలదు.

రెండవది పేరు. ప్రోగ్రామునకు పెట్టిన పేరు ప్రజలలో పాకిన తరువాత వేరొకడు అదే పేరుతో నాసిరకపు సరకు అమ్మవచ్చును. ట్రేడ్‌మార్కు నమోదు చేయవలెనన్నచో అది ఎవరో ఒకరి పేర నుండవలెను కదా!

మూడవది పూచీ. ప్రోగ్రాము వలన నష్టపడితినని ఎవడైన వ్యాజ్యము వేసినచో, సంస్థ లేని చోట వ్యక్తియే బోనులో నిలువవలెను. అతని ఇల్లు, జీతము ఆపదలో పడును.

నాల్గవది రచనాహక్కు. పదిమందియు వ్రాసిన పాఠములో ఎవరి వాక్యము ఎవరిదో తేలకున్న, లైసెన్సు మార్చవలసి వచ్చినప్పుడు పదిమంది సమ్మతియు కావలెను. మన చట్టము ప్రకారము హక్కును మరియొకరికి బదలాయించుట వ్రాతమూలకముగా జరుగవలెను, నోటిమాట చాలదు.

డబ్బు లేనిచో నేమగును?

2014 ఏప్రిలులో బయటపడిన "హార్ట్‌బ్లీడ్" అను లోపము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినది. బ్యాంకులు, దుకాణములు, ఉత్తరప్రత్యుత్తరముల సేవలు ఇంటర్నెట్టుపై రహస్యముగా మాటలాడుకొనుటకు వాడు సాధనములలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ముఖ్యమైనది. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. దీనిలో "నీవు ఇంకను ఉన్నావా?" అని ఒక కంప్యూటరు మరియొకదానిని విచారించు ఏర్పాటు కలదు. అడుగువాడు ఒక మాట పంపి, దాని పొడవెంతో చెప్పును. రెండవది ఆ మాటను అంతే పొడవున తిరిగి పంపును.

లోప మేమనగా, చెప్పిన పొడవు నిజమా కాదా యని ప్రోగ్రాము సరిచూడలేదు. ఒక్క అక్షరము పంపి "ఇది 64 కిలోబైట్ల మాట" అని బొంకినచో, ఎదుటి కంప్యూటరు ఆ ఒక్క అక్షరమును, దాని ప్రక్క జ్ఞాపకములో నున్న మిగిలినదంతయు కలిపి పంపివేసెడిది. ధాన్యపు కొట్టులో శేరు గింజలు పోసి, పుట్టి పోసితినని చెప్పి పుట్టి కొలిపించుకొనిపోవు మోసము వంటిదిది. అట్లు పోయిన వానిలో సంకేతపదములు, రహస్యపు తాళములు కూడ ఉండవచ్చును. దాదాపు 5 లక్షల సురక్షిత వెబ్‌సైట్లు ఈ ఆపదకు గురియైనవని ఆనాటి అంచనా.

లోకమంతయు ఆశ్చర్యపడిన సంగతి మరియొకటి కలదు. కోట్లకొలది డాలర్ల వ్యాపారము ఆధారపడిన ఈ ప్రోగ్రామునకు అంతవరకు ఏటా వచ్చుచున్న విరాళములు సుమారు 2,000 డాలర్లు మాత్రమే! పూర్తికాలము దానిపై పనిచేయువాడు ఒక్కడు. అందరును వాడుకొనిరి, పూడిక తీయుటకు కూలి ఎవరును ఈయలేదు. ఈ దెబ్బతో అదే సంవత్సరము లినక్స్ ఫౌండేషన్ పెద్ద కంపెనీల నుండి నిధులు సేకరించి, ఇట్టి మూలాధార ప్రోగ్రాముల పోషణకు ఒక పథకము ప్రారంభించెను. ఇచ్చుటకు కంపెనీలు సిద్ధపడినను, పుచ్చుకొని లెక్క చెప్పగల సంస్థ ఉన్నప్పుడే ఆ డబ్బు కదలినది.

గొడుగు సంస్థలు

ప్రతి చిన్న ప్రాజెక్టును తనకొక సంస్థను స్థాపించుకొనుట మంచిదే గాని, అది సులభము కాదు. నమోదు, కార్యవర్గము, వార్షిక తనిఖీ, పన్ను పత్రములు - ఇవన్నియు చూచుకొనుటలోనే ప్రోగ్రాము వ్రాయువాని కాలమంతయు గడచిపోవును. కనుక పెక్కు ప్రాజెక్టులకు కలిపి ఒక్క గొడుగు పట్టు సంస్థలు పుట్టినవి.

1997లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున సాఫ్ట్‌వేర్ ఇన్ ది పబ్లిక్ ఇంటరెస్ట్ అను సంస్థ నమోదైనది. డెబియన్ అను ప్రసిద్ధ లినక్సు వ్యవస్థకు ఆసరాగా ఇది పుట్టినది. డెబియన్ అను పేరు మీది ట్రేడ్‌మార్కు ఈ సంస్థదే. 2006లో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ ఏర్పడినది. ప్రోగ్రాముల మార్పులను భద్రపరచు గిట్, బొమ్మలు గీయుటకు పనికివచ్చు ఇంక్‌స్కేప్ మున్నగునవి దాని నీడలో నున్నవి.

గొడుగు సంస్థ చేయు పని ఇట్లుండును. ప్రాజెక్టు పేర వచ్చు విరాళములను సంస్థ తన ఖాతాలో జమకట్టుకొని, ఆ ప్రాజెక్టు పద్దు వేరుగా వ్రాయును. దాతకు రసీదిచ్చును. ప్రాజెక్టువారు కోరినప్పుడు ప్రోగ్రామరుకు జీతమో, సభకు వచ్చువారికి దారిఖర్చులో చెల్లించును. ఒప్పందములపై తానే సంతకము చేయును. పేరును, అవసరమైన రచనాహక్కులను తన అధీనమున ఉంచుకొనును. వ్యాజ్యము వచ్చినచో తానే ప్రతివాదిగా నిలుచును. ప్రోగ్రాము ఎట్లుండవలెనో నిర్ణయించు అధికారము మాత్రము వ్రాయువారిదే.

ఈ సేవకు కన్జర్వెన్సీ ప్రాజెక్టు రాబడిలో నూటికి 10 వంతులు, పై చెప్పిన మొదటి సంస్థ నూటికి 5 వంతులు తీసికొనును. మన ఉదాహరణలోని లక్ష రూపాయలకు పదవ వంతనగా 10,000 రూపాయలు. మిగిలిన 90,000 ప్రాజెక్టునకు చెందును. ఒక గుమాస్తాను, ఒక ఆడిటరును, ఒక న్యాయవాదిని వేరుగా పెట్టుకొను ఖర్చుతో పోల్చిన ఇది స్వల్పమని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆంధ్రులకు ఈ పద్ధతి బొత్తిగా పరాయిది కాదు. ఊరూర వేరు వేరుగా వెలసిన గ్రంథాలయములను ఒక్కతాటిపైకి తెచ్చుటకు 1914లో బెజవాడలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. ఏ ఊరి పుస్తకములు ఆ ఊరివే. కాని ఒంటరి గ్రంథాలయమునకు లేని గొంతు సంఘమునకు లభించినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగు కార్యకర్తలు ఆనాడు తలపెట్టినది కూడ జ్ఞానమును అందరిదిగా చేయు ప్రయత్నమే.

బొమ్మ రైలుబండి వ్యాజ్యము

లైసెన్సు ఉల్లంఘించినచో నిజముగా న్యాయస్థానము పట్టించుకొనునా? ఈ ప్రశ్నకు పేరుపొందిన తీర్పు ఒక బొమ్మ రైలుబండిపై వచ్చినది. రాబర్ట్ జేకబ్సన్ అను భౌతికశాస్త్ర ఆచార్యుడు, ఆయన మిత్రులు బొమ్మరైళ్లను కంప్యూటరుతో నడుపుటకు ఒక ప్రోగ్రామును వ్రాసి స్వేచ్ఛగా పంచిరి. విజయవాడ జంక్షనులో ఏ బండిని ఏ ప్లాటుఫారమునకు మళ్లించవలెనో సిగ్నలు గదివారు చూచునట్లే, ఇది బల్లమీది పట్టాలపై బొమ్మబండ్లను నడపును. వ్యాపారము చేయు ఒకడు దానిలోని భాగములను తన సరకులో చేర్చుకొని, రచయితల పేర్లను, లైసెన్సు ప్రకటనలను తీసివేసెను.

డబ్బు తీసికొనక పంచినదానికి నష్టమెక్కడిదని వాదన. క్రింది న్యాయస్థానము ఇది ఒప్పందభంగమే గాని కాపీరైటు భంగము కాదని చెప్పి, జేకబ్సన్ కోరిన నిషేధాజ్ఞను నిరాకరించెను. అప్పీలులో క్రియేటివ్ కామన్స్, లినక్స్ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్, వికీమీడియా ఫౌండేషన్ మున్నగు సంస్థలు జేకబ్సనునకు మద్దతుగా తమ వాదనలను న్యాయస్థానమునకు సమర్పించినవి. 2008 ఆగస్టులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ న్యాయస్థానము క్రింది తీర్పును కొట్టివేసినది. ధనము చేతులు మారకపోయినను లైసెన్సు షరతులను మీరుట కాపీరైటు భంగము కాగలదని నిర్ణయించినది. 2010లో రాజీ కుదిరి, ప్రతివాది లక్ష డాలర్లు చెల్లించుటకు అంగీకరించెను.

ఆచార్యుడు పట్టుదలగలవాడు కనుక నిలిచెను. ఆ సంస్థలు తోడైనవి. అండలేని రచయిత మొదటి నోటీసుకే వెనుకంజ వేయును.

మన దేశమున

భారతదేశములో ఇట్టి సంస్థను స్థాపించుటకు మూడు దారులు కలవు: ట్రస్టు, సొసైటీ, లాభాపేక్షలేని కంపెనీ. ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి సొసైటీల నమోదు చట్టము క్రింద ఏడుగురు చేరి సొసైటీని నమోదు చేయించుకొనవచ్చును. 2013 కంపెనీల చట్టములోని 8వ సెక్షను లాభము పంచుకొనని కంపెనీలకు చోటిచ్చినది. నమోదుతోనే పని తీరదు. పన్ను మినహాయింపునకు ఆదాయపు పన్ను శాఖవద్ద వేరుగా నమోదు కావలెను.

విదేశధన మైనచో మరియొక గడప దాటవలెను. 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము ప్రకారము ముందుగా కేంద్ర ప్రభుత్వ అనుమతి కావలెను. 2020 సవరణతో, ఒక సంస్థ పుచ్చుకొన్న విదేశీ విరాళమును వేరొక సంస్థకు బదలాయింపరాదు. కార్యాలయపు ఖర్చులు నూటికి 20 వంతులు మించరాదు. ఇందువలన పెద్ద సంస్థ విదేశధనమును తెచ్చి చిన్న సంస్థలకు పంచిపెట్టు పద్ధతి ఇచ్చట సాగదు. విదేశములలో పుట్టిన గొడుగును ఉన్నదున్నట్లు తెచ్చి విప్పుటకు వీలులేదు.

ఈ లాంఛనముల బరువును తెలుగు వికీపీడియా కార్యకర్తలు ఎరుగుదురు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవములు 2014 ఫిబ్రవరిలో విజయవాడ కె.బి.ఎన్. కళాశాలలో జరిగినవి. వ్యాసములు వ్రాయువారు స్వచ్ఛంద సేవకులే. దానిని నడుపు మీడియావికీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. అయినను సభకు గది, భోజనము, ప్రయాణపు ఖర్చు, లెక్క చెప్పు బాధ్యత ఉండక తప్పదు. వికీమీడియా ఉద్యమమునకు భారతదేశ శాఖగా 2011లో బెంగళూరున ఒక సంఘము నమోదైనది. ధర్మసంస్థగా దానికి కావలసిన ప్రభుత్వ అనుమతి సమకూడకుండుట ఒక ముఖ్యకారణముగా, 2019లో దాని గుర్తింపు రద్దయ్యెను. ఉత్సాహము గల కార్యకర్తలు లేక కాదు, కాగితములు పూర్తికాక.

వేరొకవైపు ఆశాజనకమైన మార్పులును కలవు. 2010లో ఢిల్లీలో ఏర్పడిన ఎస్‌ఎఫ్‌ఎల్‌సి డాట్ ఇన్ అను సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు రచయితలకు న్యాయసహాయము చేయుచున్నది. బెంగళూరు కేంద్రముగా ఫాస్ యునైటెడ్ అను లాభాపేక్షలేని సంస్థ భారతీయ ప్రాజెక్టులకు ధనసహాయము చేయుచున్నది. 2024 అక్టోబరులో జెరోధా అను మన దేశపు కంపెనీ ఏటా 10 లక్షల డాలర్లు ప్రపంచములోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రాజెక్టులకు ఈయదలచినట్లు ప్రకటించి ఒక నిధిని నెలకొల్పినది. వాడుకొనుటలోనే గాక, పోషించుటలోను భారతదేశము పాలు పంచుకొనుట ఇందలి విశేషము.

ధనమే సర్వము కాదు

సంస్థ ఉన్నంత మాత్రమున అన్ని ఆపదలు తొలగవు. 2024 మార్చిలో "ఎక్స్‌జెడ్" అను చిన్న ప్రోగ్రాములో దొంగదారి యొకటి బయటపడినది. దత్తాంశమును కుదించి భద్రపరచు ఈ ప్రోగ్రామును చిరకాలము ఒక్కడే శ్రమకోర్చి నడుపుచుండెను. మారుపేరుతో వచ్చిన ఒకడు రెండేండ్లకు పైగా మంచి సహాయకునివలె నటించి, నమ్మకము సంపాదించి, తుదకు రహస్యద్వారము అమర్చెను. లాగిన్ కావలసినదానికన్న అర సెకను ఆలస్యమగుచున్నదని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు దానిని కనిపెట్టకున్న గొప్ప ముప్పు వాటిల్లెడిది. అలసిన ఒంటరి మనిషికి డబ్బొక్కటే చాలదు. నమ్మదగిన తోటివారు కావలెను.

పెద్ద దాతల మాటకు సంస్థ తలయొగ్గు ప్రమాదమును కలదు. అందుచేత జమాఖర్చులను బహిరంగముగా ప్రకటించుట, నిర్ణయాధికారమును దాతల చేతిలో గాక పనిచేయువారి చేతిలో నుంచుట, రాబడి ఒక్క దాతపైననే ఆధారపడకుండ చూచుట అవసరము.

ఉన్నతపాఠశాలలో కంప్యూటరు నేర్చు విద్యార్థికి ఇదంతయు దూరపు విషయముగా తోచవచ్చును. కాని తాను వ్రాసిన చిన్న ప్రోగ్రామును నలుగురికి పంచిననాడే అతడు ఈ వ్యవస్థలో పౌరుడగుచున్నాడు. వ్రాసినవారి పేర్లను, సంవత్సరమును, లైసెన్సును మొదటి పుటలోనే వ్రాయుట; ఇతరుల పాఠమును చేర్చినప్పుడు వారి పేరు చెరపకుండుట; పాఠశాల సంఘమునకు వచ్చిన ప్రతి రూపాయికి పద్దు వ్రాయుట - ఈ మూడు అలవాట్లకు ఖర్చు లేదు. న్యాయవాదులును ఆడిటరులును తరువాత రాగలరు. మొదటి పద్దు సరిగా లేనిచో వారు వచ్చియు చేయగలిగినది స్వల్పము.